ముఖం మారుతుంది, తలుపులు మారవు: సాదా సెడాన్ ఆకారం వెనుక లెక్కలు

మారుతీ సియాజ్ సెడాన్ 2014లో అమ్మకానికి వచ్చింది, 2025లో ఆగిపోయింది. మధ్యలో 2018లో ఒకసారి దానికి కొత్త గ్రిల్, కొత్త హెడ్‌లైట్లు, కొత్త బంపర్ తొడిగారు. తలుపులు, పైకప్పు, కిటికీల గీత మాత్రం మొదటి బండికి ఎలా ఉన్నాయో చివరి బండికీ అలాగే ఉన్నాయి. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా 2015 బండీ, 2023 బండీ పక్కపక్కనే ఆగి ఉంటే, చక్రాల డిజైన్ సంగతి వదిలేస్తే, ఏది పాతదో పక్కనుంచి చూసి చెప్పడం కష్టం. ముందుకు వెళ్లి ముఖం చూడాల్సిందే.

మారుతీ ఒక్కటే ఇలా చేసిందనుకోనక్కర్లేదు. 2020లో కొత్త ఆకారంతో వచ్చిన హోండా సిటీకి 2023లో ఫేస్‌లిఫ్ట్ (పాత బండికే ముఖం మార్చడం) చేసినప్పుడూ మారినవి ముఖ్యంగా బంపర్లు, గ్రిల్లే. ఫ్యామిలీ సెడాన్ల లోకంలో నడిచే పద్ధతి ఇది. ఫ్యాషనంతా ప్లాస్టిక్‌లో పెడతారు, పదేళ్లు నిలవాల్సింది ఇనుములో గీస్తారు. ఈ సంగతి ఒక్కటి పట్టుకుంటే చాలు, “ఏముంది ఇందులో, మామూలు బండి” అనిపించే కారులో ఎన్ని బేరాలు జరిగాయో కనిపించడం మొదలవుతుంది.

బంపర్ అచ్చు పోసిన ప్లాస్టిక్. గ్రిల్ కూడా అంతే. హెడ్‌లైటు బోల్టులతో బిగించే ఒక డబ్బా. వీటిని మార్చడం ఖర్చే గానీ భరించగల ఖర్చు. తలుపు అలా కాదు. అది మిల్లీమీటరు కంటే పలుచని ఉక్కు రేకు. పెద్ద ప్రెస్సులో ముందు లోతుగా నొక్కుతారు, తర్వాత అంచులు కోస్తారు, ఆపైన ఆ అంచులు మడుస్తారు, హ్యాండిల్‌కూ తాళానికీ కన్నాలు వేస్తారు. ఒక్కో దశకూ విడిగా టన్నుల బరువున్న ఇనుప డై (అచ్చు) ఉండాలి. బయటి రేకు ఆకారం మారితే అద్దం కిందికి దిగే దారి, రబ్బరు బీడింగు, లోపలి ఫ్రేము, పక్కనుంచి గుద్దితే కాపాడే ఉక్కు కడ్డీ, అన్నీ మళ్లీ చూసుకోవాలి. అందుకే మూడు నాలుగేళ్లకొకసారి చేసే ఫేస్‌లిఫ్ట్‌లో తలుపుల జోలికి సాధారణంగా ఎవరూ పోరు. డిజైనర్ ఈరోజు గీసిన తలుపు ఎనిమిదేళ్లకో పదేళ్లకో కూడా షోరూమ్‌లో కొత్త బండిగానే నిలబడాలి. ఆ రోజుకి ఏది ముచ్చటగా ఉంటుందో ఎవరికి తెలుసు? తెలియదు కాబట్టే చేతిని అదుపులో పెట్టుకుంటాడు.

పక్కనుంచి చూసినప్పుడు సెడాన్ అంటే మూడు పెట్టెలు: ఇంజిన్‌కి ఒకటి, మనుషులకి ఒకటి, సామానుకి ఒకటి. ఈ మూడూ ఎంతెంత పొడవుండాలన్నదే అసలు డిజైన్. గీతలూ మడతలూ ఆ తర్వాత వస్తాయి. మన దగ్గర అమ్ముడైన మిడ్‌సైజ్ సెడాన్ల కొలతలు చూడండి. సియాజ్ పొడవు 4490 మి.మీ., 2023 హ్యుందాయ్ వెర్నా 4535, స్కోడా స్లావియా 4541, 2020 సిటీ 4549, ఫోక్స్‌వ్యాగన్ విర్టస్ 4561. అన్నిటికంటే చిన్నదానికీ అన్నిటికంటే పెద్దదానికీ తేడా 71 మి.మీ., అంటే నాలుగు వేళ్ల వెడల్పు. వెడల్పుల్లోనూ అంతే, 1730 నుంచి 1765 లోపలే అన్నీ. ఇంత ఇరుకు చట్రంలో ఒక బండి ఇంకో బండిలా లేకుండా చేయాలంటే చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం.

సిటీకి ఆ దూరం 2600 మి.మీ., వెర్నాకి 2670. పొడవు చూస్తే సిటీయే వెర్నా కంటే కాస్త ఎక్కువ. అంటే సిటీలో చక్రాలకు అవతల ముందూ వెనకా కలిపి మిగిలేది 1949 మి.మీ., వెర్నాలో 1865. ఈ 84 మి.మీ. తేడా టేపు పెట్టకుండానే కంటికి తెలుస్తుంది. సిటీ బానెట్టూ డిక్కీ సాగి ఉన్న పాతకాలపు సెడాన్‌లా పడుకుని ఉంటుంది. వెర్నాలో మనుషుల పెట్టె పెరిగి డిక్కీ దానిలోకి కరిగిపోయినట్టుంటుంది. ఒకటి సంప్రదాయంగా, ఇంకోటి దూకుడుగా అనిపించడానికి సగం కారణం లైట్లు కావు, ఈ పంపకమే. బ్రోచర్‌లో ఈ అంకెలు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. మొదటి పేజీల నిండా లైట్ల ఫొటోలే.

ఇక తలుపు రేకు దగ్గరికి వద్దాం. సాదాగా కనిపించే తలుపు నిజంగా చదునుగా ఉండదు, ఉండకూడదు. పూర్తి చదునైన పలుచని రేకుని బొటనవేలితో నొక్కితే పాత బిస్కెట్ డబ్బా మూతలా టప్‌మని లోపలికి పోయి మళ్లీ టప్‌మని బయటికి వస్తుంది. అందుకే దానికి కనిపించీ కనిపించని ఉబ్బు ఇస్తారు. హ్యాండిళ్ల ఎత్తులో ముందు మడ్‌గార్డ్ నుంచి వెనక లైటు వరకూ వెళ్లే ఒక మడత రేకుకి బిగువునిస్తుంది. ఆ మడతకి ఇంకో పని కూడా ఉంది. దానికి పైన ఉన్న రేకు ఆకాశాన్ని చూస్తుంది, కింద ఉన్నది రోడ్డును చూస్తుంది. వెలుతురూ నీడా విడిపోయేది అక్కడే. ఎత్తైన తలుపు పలుచగా, బండి పొడవుగా కనిపించడం ఆ ఒక్క గీత చేసే మాయ. స్లావియాలోనూ సిటీలోనూ అది దాదాపు ఒంటరిగా పనిచేస్తుంది. వెర్నా మాత్రం తలుపుల మీద ఇంకా పదునైన మడతలు వేసుకుంది.

మడత ఎంత పదునైతే అంత కష్టం. రేకుని ఒక చోట ఎక్కువగా సాగదీస్తే అక్కడే చిట్లుతుంది. మడతలు లేకపోతే అంతకంటే కష్టం, ఎందుకంటే సాదా రేకు మీద ఏ తప్పూ దాగదు. ట్యూబ్‌లైట్ల వరుస కింద బండిని నిలబెట్టి తలుపు మీద ఆ లైట్ల ప్రతిబింబాన్ని చూస్తే తెలిసిపోతుంది. గీత ఎక్కడా వణకకుండా ఒక తలుపు మీంచి ఇంకో తలుపు మీదికి పాకిందంటే ఆ సాదాతనానికి డబ్బు బాగానే ఖర్చుపెట్టారన్నమాట.

ఇదంతా చెప్పాక హైదరాబాద్ రోడ్డు మీదికి వస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. మనం కొనేవి ఎక్కువగా తెల్ల కార్లు. వేడి తక్కువ పట్టుకుంటుందనీ, గీతలు పడినా తొందరగా కనిపించవనీ, రేపు అమ్ముకోవడం సులువనీ. మే నెల మధ్యాహ్నం నాలుగు దిక్కుల నుంచీ వెలుతురు కొడుతుంటే తెల్ల రేకు మీద ఆ మెత్తటి మడతలన్నీ మాయం. వెండి రంగు మీద, ముదురు నీలం మీద కనిపించే వెలుగునీడల ఆట తెలుపు మీద ఆడదు. అప్పుడు బండి ఆకారాన్ని మోసేవి నల్లటి భాగాలే: అద్దాలు, టైర్లు, గ్రిల్. అందుకే కన్జర్వేటివ్ సెడాన్ గీసేవాళ్లు కిటికీల వరుసని ఒకే బొమ్మగా చూసి దాని మీద వారాల తరబడి కూర్చుంటారు. దాని చుట్టూ సన్నటి క్రోమ్ గీత తిప్పేది ఆ బొమ్మకి అంచు కట్టడానికే. వెనక కిటికీ చివర్లో కిందికి దిగే గీత బండి ముందు వైపుకి మళ్లే చిన్న మలుపు ఒకటి చాలా కార్లలో కనిపిస్తుంది. 1961లో బీఎండబ్ల్యూ 1500 మీద వచ్చిన ఆ మలుపుకి అప్పటి డిజైన్ అధిపతి విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్ పేరే స్థిరపడిపోయింది. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు దాన్ని అరువు తెచ్చుకున్నాయో చెప్పలేం. బండి కదలాలనుకుంటున్నట్టు కనిపించడానికి అంతకంటే చవకైన ఉపాయం ఇంకోటి లేదు.

పైకప్పు గీత విషయంలో గెలిచేది డిజైనర్ కాదు, వెనక సీట్లో కూర్చునే నాన్నగారు. తిరుగులేని కొలత అది. కప్పు వెనక్కి జారుతూ పోతే కూపే (రెండు తలుపుల స్పోర్టీ కారు) అందం వస్తుంది, వెనక కూర్చున్నవాళ్ల తల కప్పుకి తగులుతుంది. జారే కప్పుతో పాటు వెనక తలుపు పైచట్రం కూడా కిందికి దిగుతుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని తల వంచి లోపలికి దూరాలి. మన దగ్గర కొనే నిర్ణయం ఒక్కరిది కాదు. షోరూమ్‌కి ఇల్లంతా వెళ్తుంది. స్టీరింగ్ ముందు కొడుకు కూర్చుంటే, వెనక తలుపు తీసి చూసేది పెద్దవాళ్లు. కాబట్టి కప్పు ఎత్తైన చోటు డ్రైవర్ నెత్తి మీద నుంచి కాస్త వెనక్కి జరుగుతుంది, వెనక అద్దం నిలువుగా లేస్తుంది, సెడాన్ మళ్లీ సెడాన్‌లాగే కనిపిస్తుంది. సంప్రదాయం అని మనం పిలిచేదానిలో కొంత భాగం నడుం నొప్పుల లెక్కే.

డిక్కీ ఎత్తుగా ఉండటానికి కారణం వేరు. బండి మీంచి వచ్చే గాలి డిక్కీ అంచు దగ్గర తెగి విడిపోవాలి. ఆ అంచు ఎత్తుగా, పదునుగా ఉంటే వెనక సుడి చిన్నదవుతుంది, పెట్రోలు మిగులుతుంది. 1998లో మన దగ్గరికి వచ్చిన మొదటి హోండా సిటీ తోక ఎంత కిందికి ఉండేదో, ఇప్పటి సిటీ తోక ఎంత పైకి లేచిందో పోల్చి చూడండి. లేచిన తోక కింద సామాను కూడా ఎక్కువ పడుతుంది. సిటీ డిక్కీ 506 లీటర్లు, వెర్నాది 528. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులు, తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చడి జాడీలు. నష్టం ఏమిటంటే వెనక ఏముందో అద్దంలోంచి కనిపించదు. 2019 జులై నుంచి రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు గనక ఆ లోటు కొంత పూడింది.

ముందు భాగానికి చట్టం ఒక ఆకారం ఇచ్చింది. కారు గుద్దితే నడిచేవాడి తల వచ్చి బానెట్ మీద పడుతుంది. బానెట్ రేకుకీ కింద ఇంజిన్‌కీ మధ్య ఖాళీ ఉంటే రేకు లొంగి దెబ్బ తగ్గిస్తుంది, లేకపోతే తల నేరుగా ఇనుము మీద ఆగుతుంది. బంపర్ కూడా కాలుని ఒకే చోట విరిచేలా కాకుండా మోకాలి పైనా కిందా ఒకేసారి తోసేలా ఉండాలి. ఈ నిబంధనలు యూరప్‌లో 2005లో మొదలయ్యాయి, మన దేశంలో కొత్త మోడళ్లకి 2018 అక్టోబర్ నుంచి వచ్చాయి. ఫలితం: బానెట్లు పైకి లేచాయి, ముక్కులు మొద్దుబారాయి. వాలుగా కత్తిలా దిగే ముక్కు ఇప్పుడు గీద్దామన్నా కష్టం. అంత ఎత్తైన మొహాన్ని ఖాళీగా వదిలేస్తే గోడలా ఉంటుంది, అందుకని అడ్డంగా ఒక క్రోమ్ పట్టీయో వెడల్పాటి గ్రిల్లో పెట్టి ఎత్తుని రెండుగా కోస్తారు. చాలా బండ్లలో పై గ్రిల్ వెనక సగం మూసే ఉంటుంది, ఇంజిన్‌కి గాలి ముఖ్యంగా కింది బంపర్ నోట్లోంచే వెళ్తుంది. అంత పెద్ద గ్రిల్ ఇంజిన్ కోసం కాదు, ఎదురు ఫ్లాట్ వాళ్ల కోసం.

మన చట్టాల్లో ఆకారాన్ని అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది మాత్రం పన్ను. 2006 బడ్జెట్‌లో చిన్న కారుకి నిర్వచనం ఇచ్చారు: పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు. దానికి పన్ను తక్కువ. 2008లో 4160 మి.మీ. పొడవుతో వచ్చిన మారుతీ డిజైర్ 2012కల్లా 3995కి కుదించుకుంది. కోత పడింది డిక్కీ మీదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో ఆ గీతకి ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. కాబట్టి నాలుగున్నర మీటర్ల సెడాన్ కొనేవాడు ఆ తోక కోసం నిజంగానే డబ్బు కడుతున్నాడు.

హైదరాబాద్‌లో ఆ తోకకి ఇంకో విలువ కూడా ఉంది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా ఏ క్యాబ్ వరుస చూసినా ఎక్కువగా తెల్ల డిజైర్లే. సొంతానికి అదే రకం బండి కొనుక్కుంటే నంబర్ ప్లేటు రంగు చూడనివాళ్లు క్యాబ్ అనుకుని వెనక డోర్ తీసేస్తారని భయం. ఈ భయాన్ని ఎవరూ పైకి ఒప్పుకోరు గానీ మిడ్‌సైజ్ కొనుగోళ్లలో దీని వాటా తక్కువేం కాదు. పొడవైన బానెట్, విడిగా కనిపించే డిక్కీ, కిటికీల చుట్టూ క్రోమ్, ఇవన్నీ కలిసి చెప్పేది ఒకటే: ఇది అద్దె బండి కాదు.

అలాగని దుస్సాహసాలు ఎవరూ చేయలేదని కాదు. అమెరికాలో ఫోర్డ్ టారస్ 1986 మోడల్‌గా గుండ్రటి శరీరంతో వచ్చి జనాన్ని మెప్పించింది, 1992 నుంచి 1996 దాకా అక్కడ అత్యధికంగా అమ్ముడైన కారు అదే. ఆ ధైర్యంతో 1996 మోడల్‌కి వెనక అద్దంతో సహా కోడిగుడ్డు ఆకారాలు నింపేశారు. 1997లో మొదటి స్థానం టొయోటా క్యామ్రీకి పోయింది. ధర, అద్దె కంపెనీలకి అమ్మకాలు, ఇలా కారణాలు ఇంకా ఉన్నాయి గానీ ఆ ఆకారం సాయం చేయలేదన్నది మాత్రం నిజం. మన దగ్గర 2003 సిటీ ఇంకో రకం పాఠం. పెట్రోల్ ట్యాంకుని ముందు సీట్ల కిందికి జరిపి లోపల చోటు బాగా పెంచారు. దాంతో బానెట్ పొట్టిగా, కప్పు ఎత్తుగా వచ్చింది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు మొహం చిట్లించారు, కుటుంబాలు కొన్నాయి. 2008లో హోండా మళ్లీ బాణంలా సాగిన ఆకారానికి వచ్చేసింది. ఇక 2011 వెర్నా అలల్లాంటి గీతలతో వచ్చి ఒక్కసారిగా పక్కనున్న బండ్లన్నిటినీ పాతవి చేసింది. నా దృష్టిలో దాని చిక్కు కూడా అదే. ఇవాళ దాన్ని చూస్తే ఏ ఏడాది బండో చెప్పేయొచ్చు. 1998 సిటీని చూసి అలా చెప్పలేం.

వింత ఆకారాలు చూడాలని ఉంటే బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. క్రికెట్ బ్యాట్, బర్గర్ ఆకారంలో చేతితో కట్టిన కార్లు అక్కడ ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, బాగుంటుంది. ఆ పార్కింగ్‌లో నిలబెట్టి వచ్చేది మాత్రం తెల్ల సెడానో ఎస్‌యూవీయో.

రోడ్ల సంగతి కూడా ఆకారంలోకి ఎక్కుతుంది. స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగలకుండా బండిని పైకి లేపాలి. స్లావియాకి నేల నుంచి ఎత్తు 179 మి.మీ., సెడాన్‌కి అది ఎక్కువే. ఎత్తు పెరిగితే చక్రాలు చిన్నవిగా కనిపిస్తాయి, టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. సిటీ కింది వేరియంట్లకి 185 మి.మీ. వెడల్పున్న 15 అంగుళాల టైర్లు వేస్తే పక్కనుంచి చూసినప్పుడు బండి ఒళ్లుకి కాళ్లు సన్నబడ్డట్టుంటుంది. దీన్ని కప్పిపుచ్చడానికే బంపర్ల కింది అంచులకి రంగు వేయకుండా నల్లగా వదులుతారు. కన్ను ఆ నలుపుని బండిలో కలుపుకోదు, ఒళ్లు పలుచగా అనిపిస్తుంది. పాత అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపు దిగేటప్పుడు ముందు బంపర్ పెదవి గీసుకున్నా ఆ రంగులేని ప్లాస్టిక్ మీద పెద్దగా తెలియదు. ఒకే దెబ్బకి రెండు పనులు.

టింకరింగ్ షెడ్డులో ఈ కథకి ఇంకో కోణం ఉంది. మడత లేని చోట పడిన మెత్తటి సొట్టని వెనక నుంచి నెట్టి సరిచేయొచ్చు. పదునైన మడత మీద పడిన సొట్టని మళ్లీ అంతే పదునుగా తేవడం కష్టం, అక్కడ రేకు ముందే సాగి ఉంటుంది. చాలాసార్లు పుట్టీ నింపి గీత చెక్కుతారు, ఏడాది తిరిగేసరికి అది ఒరిజినల్ కాదని సెకండ్ హ్యాండ్ కొనేవాడి వేలికి తెలిసిపోతుంది. బండి ఈ వైపు నుంచి ఆ వైపు దాకా అతికిన ఎల్‌ఈడీ లైటు పట్టీలదీ అదే తంతు. పాత పద్ధతిలో పగిలిన వైపు లైటు మార్చుకుంటే సరిపోయేది, ఇప్పుడు పట్టీ కూడా లెక్కలోకి వస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ తిరిగే బండికి ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

కొన్నాక మనవాళ్లు చేసేది కూడా చెప్పుకోవాలి. బండి పూజ అయిన మర్నాడే యాక్సెసరీస్ షాపుకి వెళ్తుంది. ముందు ఇనుప క్రాష్ గార్డు కావాలంటారు కొందరు. అది 2017 డిసెంబర్ నుంచి నిషేధం, పైగా నడిచేవాడి కాలు కోసం తీర్చిన బంపర్ ముందు ఉక్కు కడ్డీ పెట్టడమది. నల్ల ఫిల్ము సుప్రీంకోర్టు 2012లోనే వద్దంది. చట్టానికి అభ్యంతరం లేనివి ఇంకొన్ని ఉన్నాయి: హ్యాండిళ్లకి క్రోమ్ తొడుగులు, పెట్రోల్ మూతకి క్రోమ్, డోర్ల అంచున క్రోమ్ బీడింగు. కంపెనీ వాళ్లు క్రోమ్‌ని కిటికీల చుట్టూ మాత్రమే పెట్టి ఆపింది చూపు అక్కడ నిలవాలని. ఇంకో నాలుగు చోట్ల మెరుపు అంటిస్తే ఏదీ నిలవదు. వాన నీళ్లు లోపల పడకుండా కిటికీల పైన బిగించే వైజర్లు మాత్రం జులైలో నిజంగా పనికొస్తాయి. క్రోమ్ అంచు ఉన్నది కాకుండా అద్దం రంగులో కలిసిపోయే పొగరంగు వైజర్ తీసుకుంటే కిటికీ బొమ్మ చెడదు, ధర కూడా తక్కువే.